తిరగని ఎనిమిది చుట్లు

పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరస్వామికి మా అక్క పేరిట నేను పదకొండు ప్రదక్షిణలు చేశానని నర్మెట్ట నుంచి నర్సింహులపేట దాకా మా బంధువులందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లుగా వాళ్లు ఆ సంగతి చెప్పుకుంటూనే ఉన్నారు. నేను చేసింది మూడే. మిగిలిన ఎనిమిది చేయలేదు. పదకొండూ చేశానని నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. చేయలేదనీ చెప్పలేదు. ఈ రెంటికీ మధ్య ఏదో తేడా ఉందని చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. ఏ తేడా లేదు. ఆ మాట ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. మాది నర్మెట్ట పక్కన ఒక ఊరు. ఆమెను నర్సింహులపేటకు ఇచ్చారు. పత్తి ఏరే రోజుల్లో ఒక సాయంత్రం చేను నుంచి ట్రాక్టర్ మీద తిరిగి వస్తుంటే చక్రం గుంతలో పడి, ట్రాలీలో పత్తి బస్తాల మీద కూర్చున్న ఆమె కింద పడింది. కుడి తొడ ఎముక విరిగింది. వరంగల్‌లో ఒక దవాఖానలో రాడ్ వేశారు. డాక్టర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎముక అతుక్కుంటుంది గానీ కర్ర లేకుండా నడవడం కష్టమే, పొలం పనుల మీద ఆశ పెట్టుకోవద్దు.

నాకు అప్పుడే భూపాలపల్లిలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సెలవు పెట్టి చూడటానికి వెళ్తే, మంచం మీద కదలకుండా పడుకున్న అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"తమ్మీ, పాలకుర్తి సోమేశ్వరునికి మొక్కుకున్న. పదకొండు సుట్లు."

"మంచిగైనంక పోదువు తీ."

"మంచిగైతందుకే గదరా మొక్కింది! నువ్వు పోవాలె. మీ బావ ఇడిసిపెట్టి పోతే నాకు నీళ్లిచ్చేటోల్లు లేరు. నా కాళ్లకు బదులు నీ కాళ్లు. ఒక్క కడుపున పుట్టిన కాళ్లే గదా. ముసలామె కత ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"ఎరుకైనా ఇను."

ఆ స్థలపురాణం మా వైపు తెలియనివాళ్లు ఉండరు. అయినా అక్క చెప్పినట్టే ఇక్కడ రాస్తాను, నాకు వేరేగా చెప్పడం రాదు.

"ఎనుకట ఒక ముసలామె ఉండె. ఎప్పుడచ్చినా గుట్ట మొత్తం సుట్టు తిరిగినంకనే దేవుని మొకం చూస్తుండె. ఎండకు ఎండుకుంట, వానకు తడుసుకుంట తిరుగుతుండె. ఆకరికి మోకాళ్లు పోయినయ్. ఒకనాడు సగం తిరిగి ఆడనే కూలవడ్డది. 'సామీ, ఇగ నాతోని కాదు. సగమే అయింది. నువ్వేం జేస్కుంటవో జేస్కో' అన్నదట. అన్నదో లేదో, గుట్ట రెండు పలకలై నడుమల నుంచి తొవ్వ పడ్డది. ఆ తొవ్వలకెళ్లే వచ్చి ఆమె సుట్టు పూర్తి చేసింది. ఒక్క ముసలామె కోసం గుట్టనే పలగ్గొట్టినోడు, నా బొక్క అతికియ్యడా?"

నవ్వింది. నవ్వితే తొడలో నొప్పి లేచిందేమో, పెదవి కొరుక్కుంది.

దిండు కింద నుంచి చిన్న గుడ్డమూట తీసి ఇచ్చింది. అందులో పసుపు పూసిన మక్కగింజలు, పదకొండు.

"సుట్టుకొక గింజ దేవుని గడప ముందట ఎయ్యి. పిడికిలి ఖాళీ అయిందంటే మొక్కు తీరినట్టు."

మర్నాడు పొద్దున్నే పాలకుర్తిలో బస్సు దిగాను. గుట్ట మీద గుహల్లో ఒక దగ్గర శివుడు, ఒక దగ్గర నరసింహస్వామి. ముసలామె కోసం పగిలిందని చెప్పే ఆ చీలిక గుండానే అందరూ ప్రదక్షిణ చేస్తారు. రెండు నిలువు బండల మధ్య సన్నని దారి. లోపల ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది, పైన ఆకాశం ఒక గీతలాగా కనిపిస్తుంది. కింద రాళ్లు చూసుకుని అడుగు వేయాలి గానీ, అది పెద్ద కష్టమైన దారి కాదు. నడవలేని మనిషి కోసం ఏర్పడిన దారి గదా! పదకొండు చుట్లు తిరగడానికి పడుచువాడికి ఎంతసేపు పడుతుంది? ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పని సులువైనదని గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

మూడు చుట్లు తిరిగాను. మూడు గింజలు వేశాను. నాలుగో చుట్టుకు బయల్దేరుతుంటే వెనుక నుంచి ఎవరో భుజం మీద చరిచారు. ఇంటర్‌లో నాతో చదువుకున్న స్నేహితుడు, జనగామవాడు. మోటార్ సైకిల్ మీద దర్శనానికి వచ్చాడు.

"ఏందిరా, నౌకరి ఇడిసి పంతులయినవా? గింజలు పట్టుకొని గిరగిర తిరుగుతున్నవ్!"

"మా అక్క మొక్కురా. ఇంకా ఎనిమిది ఉన్నయ్."

"జనగాంల కొత్త సిన్మా పడ్డది. ఇప్పుడు పోతే మ్యాట్నీ అందుకుంటం. దేవుడు యాడికి పోతడురా, రేపు తిరుగు."

నేను కాసేపు ఆలోచించానని రాస్తే బాగుంటుంది గానీ, ఆలోచించలేదు. ఎనిమిది గింజలూ ఒక్కసారే గడప ముందు వేశాను. నేను మెట్లు దిగకముందే కోతి ఒకటి వచ్చి వాటిని ఏరుకుని తినేసింది. రేపు వచ్చి తిరుగుదామని అనుకున్న మాట నిజమే. ఆ రేపు రాలేదు.

చీకటిపడే వేళకు దవాఖానకు చేరాను. అక్క తలుపు వైపే చూస్తూ ఉంది.

"గింజలన్నీ అయిపోయినయా?"

"అయిపోయినయక్కా."

"కాళ్లు నొస్తున్నయా?"

"జర."

గింజలు నిజంగానే అయిపోయాయి. ఆ రోజు నేను ఆడిన పచ్చి అబద్ధం 'జర' అన్న ఆ ఒక్క మాటే. అక్క కళ్లు మూసుకుని, అక్కడి నుంచే గుట్ట ఉన్న దిక్కుకు దండం పెట్టింది.

తర్వాత ఏం జరిగిందో నేను నా కళ్లతో చూశాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఇంటికి వచ్చిన రెండు నెలలకు అక్క మంచం దిగింది. వాళ్ల పెరట్లో పొడవాటి మట్టిగోడ ఒకటి ఉండేది. కుడి చేయి గోడకు ఆనించి, ఎడమ చంకలో కర్ర పెట్టుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. నేను వారం రోజులు అక్కడ ఉన్నాను. మధ్యలో ఆగి, గోడకు నుదురు ఆనించి, ఏడ్చి, మళ్లీ నడిచేది. బావ వద్దన్నా వినేది కాదు. ఆమె అరచెయ్యి రాసుకుని రాసుకుని గోడ మీద నడుము ఎత్తున నల్లటి చార ఒకటి పడింది. ఏడాది తిరిగేసరికి కర్ర వదిలేసింది. ఆ మరుసటి ఏడు పత్తి ఏరింది.

ఆ దసరాకు పుట్టింటికి వచ్చింది. దసరా నాడు మా దగ్గర చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. వాకిట్లో చుట్టాలందరూ ఉన్నారు. నేను జమ్మి పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లేలోపే ఆమె కర్ర లేకుండా నడిచి వచ్చి, నా చేతిలో జమ్మి పెట్టి, వంగి నా కాళ్లకు మొక్కింది.

"ఓ పిల్లా, పెద్దదానివి! చిన్నోని కాళ్లు మొక్కుడేందే?" అని మా అవ్వ అరిచింది.

"ఈ కాళ్లే గదనే నా కాళ్లు తెచ్చినయ్" అంది అక్క.

అందరూ నా వైపు చూశారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అక్కడ నోరు తెరవడానికి ఎంత సమయం కావాలి? అక్కను లేపాను, నవ్వాను, ఊరుకున్నాను.

అప్పటి నుంచి మా చుట్టాల్లో నా కాళ్లకు పేరొచ్చింది. పరీక్షలు రాసేవాళ్లు, పెళ్లి కుదరనివాళ్లు, అందరూ నన్నే చుట్లు తిరగమనేవాళ్లు. నెల్లికుదురులో ఉన్న మా మేనత్త ఒకసారి ఫోన్ చేసి, "బిడ్డా, మా బర్రె సూడి నిలుస్తలేదు, ఒక్క అయిదు సుట్లు తిరుగు" అంది. డ్యూటీ ఉందని తప్పించుకున్నాను. "నీ డ్యూటీ మన్నువడ, నోరులేని జీవికి గంత చెయ్యవా" అని తిట్టింది. ఇంట్లో ఆ ముచ్చట చెప్పుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. పాలకుర్తి మీదుగా వెళ్లే బస్సులో కూర్చుంటే మాత్రం గుట్ట వచ్చే వేళకు రెండో వైపు కిటికీలోకి చూసేవాణ్ని.

ఈ ఏడు తొలకరి రోజుల్లో మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామా, అమ్మ మోకాలు మొత్తం పోయింది. హన్మకొండల చూపిచ్చిన. ఆపరేషన్ చేసి కొత్త కీలు వెయ్యాలె అంటున్నరు. లేటైతే కాలు వంకర తిరిగి గట్టిపడుతదట, అప్పుడు ఆపరేషన్ చేసినా లాభం ఉండదట."

"మరి చేయించు."

"ఒప్పుకుంటలేదు మామా. ఆనాడు గూడ డాక్టర్ నడువవు అన్నడు, మా తమ్ముడు తిరిగితే నడిసిన. మల్ల తిరుగుమను, ఏడాది చూస్త, అంటున్నది. నాకు పరేషానయితున్నది. నువ్వొచ్చి తిరుగుతవో, తిట్టి ఒప్పిస్తవో నీ ఇష్టం."

ఏడాది ఆగితే ఆమె మంచానికే అంటుకుపోతుంది. నేను తిరగని చుట్ల మీద నమ్మకంతో ఆగుతోంది. ఆ వారం ఆఫీసులో ఏ కాగితం చూసినా అక్షరాలు తలకెక్కలేదు. నా భార్యకు చెప్పాను. ఆమెకూ అప్పటిదాకా తెలియదు. అంతా విన్నది. తర్వాత, "పోయి చెప్పుండ్రి. ఫోన్ల మాత్రం చెప్పకుండ్రి" అంది.

ఆదివారం తొర్రూరు దాకా బస్సులో వెళ్లాను. మేనల్లుడు అక్కను కారులో తీసుకొచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. వెనుక సీట్లో కాలు చాపుకుని కూర్చున్న అక్క ముఖం వెలిగిపోతోంది.

"మామా, నీ కాళ్లకు బీమా చేయించాలె. మన కులపోల్లందరి ఆస్తి అది" అన్నాడు మేనల్లుడు.

"నవ్వకురా, కండ్లు పోతయ్" అంది అక్క. నాకు గుడ్డమూట అందించింది. విప్పకుండానే తెలిసింది, లోపల ఏమున్నాయో.

గుట్ట కింద కొబ్బరికాయల దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ అడిగి ఆమెను కూర్చోబెట్టాం. నేను ఒక్కణ్నే మెట్లెక్కాను. ఒకటి తిరిగాను. రెండు, మూడు. చీలికలో నిలబడి ఆలోచించాను. మిగిలిన ఎనిమిదీ ఇప్పుడు తిరిగేయవచ్చు. కిందికి దిగి పిడికిలి విప్పి చూపించవచ్చు. ఆ తర్వాత, ఎట్లాగూ తిరిగాను గదా, ఇక ఆపరేషన్ చేయించుకో అని బతిమాలవచ్చు. మాట్లాడటం కంటే తిరగడమే సులువు. కానీ నేను తిరిగితే ఆమె ఏడాది ఆగుతుంది.

ఎంతోమంది రాసుకుని వెళ్లిన ఆ బండను పట్టుకుని నిలబడితే ముసలామె మాటే చెవిలో పడింది. సగమే అయింది, ఇక నాతోని కాదు. ఆమె ఉన్నమాట దేవుడి మొహం మీదే చెప్పేసింది. నేను ఆనాడే దవాఖానకు వచ్చి, మూడే తిరిగాను అక్కా అంటే ఏమయ్యేది? తిట్టేది. మర్నాడు మళ్లీ పంపేది. అంతే గదా!

ఎనిమిది గింజలతో కిందికి దిగాను. ఆమె ముందు కూర్చుని పిడికిలి విప్పాను.

"ఎనిమిది మిగిలినయేంది? అలిసినవా? జర కూసో, మల్ల పోదువు."

"ఆనాడు గూడ ఎనిమిది మిగిలినయక్కా."

ఆమెకు అర్థం కాలేదు. స్నేహితుడు రావడం, మోటార్ సైకిల్, జనగామ, గింజలన్నీ ఒక్కసారే వేయడం, కోతి, అన్నీ చెప్పాను. మేనల్లుడు కొబ్బరికాయ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అక్క నా ముఖంలోకే చూస్తూ విన్నది.

"సిన్మా మంచిగుండెనా?" అంది చివరికి.

"యాదికి లేదక్కా."

"నాకు యాదికున్నది. ఆనాడు మంచం మీద పండుకొని ఒక్కొక్క సుట్టు నేను గూడ తిరిగిన. ఇప్పుడు నాలుగోదైంది, ఇప్పుడు అయిదోదైంది, పాపం పిల్లగాడు ఎండల అలిసిపోయిండో ఏమో అనుకుంట. నువ్వు ఏసీల కూసున్నవ్!"

ఏసీ లేని హాలని చెప్పబోయి ఆగాను.

"మరి నా కాలెవరు తెచ్చిండ్రురా?"

ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు ఉంది. పెరటిగోడ సంగతి చెప్పాను. నుదురు ఆనించి ఏడ్చి మళ్లీ నడవడం చెప్పాను. నల్లటి చార చెప్పాను. "దేవుడు తెచ్చిండో లేదో నాకు తెల్వదు. తెస్తే నువ్వు నడిసినందుకే తెచ్చిండు. నా కాళ్లు అండ్ల లేవక్కా. డాక్టర్ కొత్త కీలు వేస్తడు. దాంతోని నడిసుడు మల్ల నీ పనే. నీకు చాతనైతది. నేను చూసిన."

"ఆ గోడ మొన్ననే కూలగొట్టినం" అంది ఆమె, ఎక్కడో చూస్తూ. కొడుకు భుజం పట్టుకుని లేచి కారెక్కింది.

తిరుగు దారిలో తొర్రూరు దగ్గర చాయ్‌కి ఆగాం. సగం కప్పు తాగాక అక్క కొడుకును పిలిచింది.

"ఆ డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. ఎప్పుడు రమ్మంటడో అడుగు."

మేనల్లుడు గ్లాసు అక్కడే పెట్టేసి ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. అక్క నా వైపు తిరిగింది.

"గింతసేపు ముచ్చట చెప్పినవ్ గని, తప్పయింది అన్నవారా?"

అనలేదు. గుట్ట కింద చెప్పినదంతా జ్ఞాపకం చేసుకున్నాను. ఎట్లా జరిగిందో చెప్పాను, ఎందుకు చెప్పాల్సి వచ్చిందో చెప్పాను. ఆ ఒక్క మాట అనలేదు. కుర్చీలోంచి లేవబోయాను.

"ఇప్పుడద్దు" అని చెయ్యెత్తింది. "ఇప్పుడు నేను కూలవడి కూసున్న. లేచి నిలవడ్డంక చెప్పు. నన్ను చూసి నవ్వుకున్నోల్లందరు ఉండంగ చెప్పు."

"ఎవరు నవ్విండ్రక్కా?"

"ఇప్పుడు నవ్వుతరు గదా" అంది. కోపంతోనే అంది. కానీ తన బిస్కెట్‌లో సగం విరిచి నా చేతిలో పెట్టింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజు నుంచే నడిపించడం మొదలుపెట్టారు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. వాకర్ పట్టుకుని వరండాలో నడుస్తూ, "దీనియి నాలుగు, నాయి రెండు, ఆరు కాళ్ల పురుగునైన" అని పక్క మంచం వాళ్లను నవ్వించేది. నర్సు పది అడుగులంటే పన్నెండు వేసేది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగితే నన్ను చూసి, "నువ్వు కూసో, అలిసిపోతవ్" అనేది. నేను ఆ మాట పడ్డాను. పడాల్సిందే. మూడు వారాలకు వాకర్ పోయి కర్ర వచ్చింది. ఫోన్‌లో రోజూ ఎన్ని అడుగులు వేసిందో చెప్పేది. నేను అడగకముందే చెప్పేది.

కార్తీకంలో ఒక రోజు అందరం పాలకుర్తి వెళ్లాం. బావ, మేనల్లుడు, అతని భార్య, నెల్లికుదురు మేనత్త, నర్మెట్ట నుంచి మా చిన్నాయిన కుటుంబం, నా భార్యాపిల్లలు. అక్క ఒక్కో మెట్టుకు ఆగుతూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. పైకి చేరాక ఊపిరి తీసుకుని, చీలిక వైపు నడిచింది. ఒక్క చుట్టే తిరిగింది. బండల మధ్య దారి సన్నగా ఉంటుంది కాబట్టి మేమంతా ఆమె వెనుక వరుసగా, ఆమె అడుగుకు అడుగు వేస్తూ నడవాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా అంత నిదానంగా నడిచారు. ఆ చుట్టుకు చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

దర్శనం అయ్యాక మండపంలో చాప పరిచి పులిహోర విప్పారు. అందరూ కూర్చున్నారు. అక్క కూర్చోలేదు. కర్ర గోడకు ఆనించి, రెండు కాళ్ల మీద నిలబడింది.

"ఓ అత్తా, జర ఆగు, తర్వాత తిందువు" అంది మేనత్తతో. "తమ్ముడు ఏదో చెప్తడట."

మేనత్త ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. నేను లేచి, వంగి అక్క కాళ్లు అందుకోబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

"మొక్కుడు గిక్కుడు వద్దు. నోటితోని చెప్పు. అందరికి ఇనవడాలె."

నిటారుగా నిలబడ్డాను. నా పిల్లలు కూడా చూస్తున్నారు. మొదటిసారి గొణిగినట్టు వచ్చింది. "గట్టిగ" అంది అక్క. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

"అక్కా, నీ కాలు విరిగినప్పుడు నువ్వు నన్ను నమ్మి గీ గుట్టకు పంపినవ్. నేను మూడు సుట్లు తిరిగి, ఎనిమిది ఎగవెట్టి సిన్మాకు పోయిన. పద్దెనిమిదేండ్లు నువ్వు నా పేరు చెప్పుకుంటుంటే నోరు మూసుకొని ఉన్న. పెద్దదానివి నా కాళ్లు మొక్కితే మొక్కిచ్చుకున్న. నడిసింది నువ్వు, పేరు తీసుకున్నది నేను. తప్పయిందక్కా. నన్ను మాఫ్ చెయ్యి."